రింగులు వంచుతుంటే 8 ఎంఎం రాడ్ చిట్లుతోంది, "నీళ్లు బాగా పట్టిన గట్టి స్టీలు" అంటున్నారు, నిజమేనా?

పోరంకి ఇంటాయన:

అందరికీ నమస్కారం. పోరంకిలో జీ ప్లస్ వన్ కడుతున్నాం. పునాదులు అయిపోయాయి, పిల్లర్లకి రింగులు వంచే పని నడుస్తోంది. సాయంత్రం సైట్‌కి వెళ్తే రాడ్ బెండర్ కొన్ని రింగులు పక్కకి తీసి పడేసి ఉంచాడు. ఏంటా అని చూస్తే మూలల దగ్గర, వంపుకి బయటి వైపు, రిబ్స్ మొదట్లో సన్నటి చీలికలు. గోరు పెట్టి లాగితే తగులుతున్నాయి. ఒకదాన్ని చేత్తో విప్పబోతే మూల దగ్గర పుటుక్కున విరిగింది, విరిగిన ముఖం సాగినట్టు లేదు, గింజలు గింజలుగా మెరుస్తోంది.

కొట్టాయనకి ఫోన్ చేస్తే ఆయన చాలా తేలిగ్గా, "ఏం కాదు సార్, టీఎంటీ కదా, మిల్లులో నీళ్లు బాగా పట్టిన సరుకు, గట్టిగా ఉంటుంది, గట్టిది కాబట్టే వంచేటప్పుడు అక్కడక్కడా చిట్లుతుంది" అన్నాడు. మా మేస్త్రి ఏమో 550 గ్రేడ్ తెప్పించుకోవాల్సింది, అదైతే ఇంకా బలం అంటాడు. బెండర్ మాత్రం ఈ సరుకు నాకు నచ్చలేదండీ అని ఊరుకున్నాడు.

బిల్లులో గ్రేడ్ 500డి అని రాశారు. టెస్ట్ సర్టిఫికెట్ జిరాక్స్ ఇచ్చారు, అందులో ఉన్నవి ఇవి: ఈల్డ్ (రాడ్ తిరిగి రాకుండా సాగడం మొదలయ్యే బలం) 612 ఎంపీఏ, టెన్సైల్ (తెగేలోపు తట్టుకునే గరిష్ఠ బలం) 668, ఎలాంగేషన్ (తెగేలోపు ఎంత సాగుతుందో) 13 శాతం, కార్బన్ 0.27, సల్ఫర్ 0.048, ఫాస్ఫరస్ 0.052. నాకు ఇందులో అర్థమైంది 500 కావాల్సిన చోట 612 వచ్చింది, అంటే మంచిదే కదా అని.

అసలు వేడి రాడ్‌ని నీళ్లతో చల్లార్చడానికీ దాని బలానికీ సంబంధం ఏంటి? ఎంత ఎక్కువ చల్లారిస్తే అంత బలమా? శ్లాబ్‌కి కావాల్సిన 10, 12 ఎంఎం కూడా ఆ కొట్లోనే చెప్పేశాను, అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను, టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్ కుర్రాడు:

అన్నా, డూప్లికేట్ సరుకు అయ్యుంటుంది, ఆలోచించకుండా వాపస్ ఇచ్చెయ్. ముందు తూకం చూడు. 8 ఎంఎం మీటరుకి 0.395 కేజీ, అంటే 12 మీటర్ల నిలువు రాడ్ 4.74 కేజీలు తూగాలి. విడి రాడ్ మీద 8 శాతం దాకా తక్కువ ఒప్పుకుంటారు, అంతకన్నా తగ్గితే ఇంక మాట్లాడేదే లేదు.

రోలింగ్ మిల్లు పాతకాపు:

డూప్లికేట్ అని అప్పుడే తేల్చేయకండి. తూకం సరిగ్గా ఉన్న రాడ్ కూడా చిట్లుతుంది, ఎందుకో చెప్తాను. చాలాకాలం రోలింగ్ మిల్లులోనే, వేడి రాడ్‌ని నీళ్లతో చల్లార్చే వాటర్ బాక్స్ దగ్గరే పనిచేశాను.

చివరి స్టాండ్ (రాడ్‌ని నొక్కి సన్నగా చేసే రోలర్ల జత) నుంచి రాడ్ బయటికొచ్చేటప్పుడు వేడి దాదాపు 1000 డిగ్రీలు ఉంటుంది, నారింజ రంగులో, కళ్లు చెదిరేలా. చిన్న డయాలైతే సెకనుకి పది మీటర్ల వేగంతో పరుగెడుతూ వాటర్ బాక్స్ గొట్టాల్లోకి దూరిపోతాయి. లోపల నీళ్లు చల్లడం కాదు, పంపు ప్రెషర్ మీద రాడ్ చుట్టూ నాలుగు వైపులా నీళ్లు దూసుకుపోతూ ఉంటాయి. ఆ ప్రెషర్ లేకపోతే రాడ్ చుట్టూ ఆవిరి పొర కట్టేసి నీళ్లు ఇనుముకి తగలనే తగలవు. రాడ్ అందులో ఉండేది సెకను కూడా ఉండదు. అవతల బయటికి వచ్చినప్పుడు చూడాలి, నల్లగా ఉంటుంది. చల్లారిపోయింది అనుకుంటాం. కూలింగ్ బెడ్ మీదకి చేరేలోపే ఆ నలుపు మీదకి లోపలి నుంచి ముదురు ఎరుపు మెల్లగా పాకుతుంది. కొత్తగా వచ్చిన హెల్పర్లు నీళ్లు తగ్గాయేమోనని కంగారుపడేవాళ్లు, కానీ అసలు పనంతా జరిగేది అక్కడే.

ఏమవుతుందంటే, నీళ్లు తగిలిన బయటి పొర ఒక్కసారిగా 300, 400 డిగ్రీల కిందకి పడిపోయి మార్టెన్సైట్ అనే చాలా గట్టి రూపంలోకి మారిపోతుంది. అది అలాగే ఉండిపోతే గాజుతో సమానం. కానీ లోపలి భాగానికి నీళ్ల సంగతే తెలియదు, అది ఇంకా 900 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ వేడి బయటికి వచ్చి గట్టిపడిన పొరని మళ్లీ కాచి పెళుసుదనం తీసేస్తుంది. లోపలా బయటా వేడి ఒకటయ్యే చోటు మామూలుగా 600 డిగ్రీలకి కాస్త అటూ ఇటూ. మేం చూసుకునే అంకె అదే. ఆ తర్వాత బెడ్ మీద గాలికి నిదానంగా చల్లారుతుంటే లోపలి భాగం మెత్తగా, సాగే గుణంతో తయారవుతుంది. బయట గట్టి వలయం, లోపల సాగే గుజ్జు, ఆ రెండూ కలిస్తేనే టీఎంటీ. టెంప్‌కోర్ అని 1970ల్లో బెల్జియంలో మొదలైన పద్ధతి ఇది, థర్మెక్స్ అని మీరు రాడ్ల మీద చూసేది దాని జర్మన్ వరస.

ఇప్పుడు మీ ప్రశ్న. నీళ్లు పెంచితే బలం పెరుగుతుందా? పెరుగుతుంది. ఒకే బిల్లెట్ (రాడ్‌గా సాగదీసే ఇనుప దిమ్మ), నీళ్లు లేకుండా వదిలేస్తే ఈల్డ్ మూడొందల చిల్లర దగ్గర ఆగిపోతుంది, వాల్వు సరిగ్గా తిప్పితే 500 దాటుతుంది, ఇంకా తిప్పితే 550, 600 కూడా దాటుతుంది. అంటే మీ మేస్త్రి గొప్పగా చెప్పే 550 అనేది చాలా సార్లు అదే బిల్లెట్‌కి ఇంకాస్త ఎక్కువ నీళ్లు, అంతే. కానీ నీళ్లు పెంచిన కొద్దీ గట్టి వలయం మందమవుతుంది, లోపల మెత్తటి భాగం తగ్గుతుంది, పొరని కాచడానికి మిగిలిన వేడి కూడా తగ్గుతుంది. 600 దగ్గర ఒకటవ్వాల్సింది 500 దగ్గరే ఒకటవుతుంది. ఈల్డ్ అంకె పైకి పోతుంది, సాగే గుణం కిందకి పోతుంది. 500కి 612 అంటే నా లెక్కలో వాల్వు అతిగా తెరిచారు, లేకపోతే కార్బన్ ఎక్కువున్న బిల్లెట్‌కి కూడా మామూలు నీళ్లే కొట్టారు.

ఇంకొకటి కూడా జరుగుతుంది. నీళ్లు తిరిగి తిరిగి వచ్చేవే కదా, వాటిలో వేడి ఇనుము మీద నుంచి రాలే పొట్టు పేరుకుని నాజిల్స్ మూసుకుపోతాయి. ఒక పక్క రంధ్రాలు మూసుకుపోతే రాడ్‌కి ఆ పక్క నీళ్లు తగ్గి వలయం ఒకవైపు మందంగా, ఒకవైపు పల్చగా వస్తుంది. అలాంటి రాడ్ బెడ్ మీద నిలవదు, వంకర తిరుగుతుంది, అనుభవం ఉన్నవాడు చూడగానే ఆపేస్తాడు. ఆపకపోతే అది కట్టల్లో కలిసిపోయి మీ సైట్‌కి వస్తుంది. ఇక మన బెజవాడ ఎండల సంగతి చెప్పక్కర్లేదు, మేలో ట్యాంకులో నీళ్లే వేడెక్కిపోతాయి, కూలింగ్ టవర్ సరిపడా లేని మిల్లుల్లో పొద్దున చేసిన రాడ్‌కీ మధ్యాహ్నం చేసిన రాడ్‌కీ తేడా వస్తుంది.

స్ట్రక్చరల్ ఇంజనీర్, గుంటూరు:

పాతకాపు గారు ప్రాసెస్ మొత్తం చెప్పేశారు కాబట్టి నేను ఆ సర్టిఫికెట్ ఒక్కటే చూస్తాను, ఎందుకంటే జవాబు అందులోనే ఉంది.

ఆ అంకెలు 500డి వి, అంటే ఎక్కువ సాగే రకం 500 వి, కావండి. రాడ్లకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1786:2008 ప్రకారం 500డి కి కార్బన్ 0.25 మించకూడదు, మీది 0.27. సల్ఫర్, ఫాస్ఫరస్ ఒక్కొక్కటి 0.040 లోపు, రెండూ కలిపి 0.075 లోపు ఉండాలి, మీవి కలిపితే 0.100. ఎలాంగేషన్ కనీసం 16 శాతం కావాలి, మీది 13. టెన్సైల్ అనేది వచ్చిన ఈల్డ్ మీద కనీసం 10 శాతం ఎక్కువుండాలి, 612కి 10 శాతం కలిపితే 673, మీది 668. ఒక్కటి కూడా అందలేదు.

అదే డి లేని మామూలు 500 కి (కోడ్‌లో ఎఫ్ఈ 500 అంటారు) పెట్టి చూడండి. కార్బన్ 0.30 దాకా ఒప్పుకుంటారు, సల్ఫర్ ఫాస్ఫరస్ కలిపి 0.105 దాకా, ఎలాంగేషన్ 12 చాలు, టెన్సైల్ 8 శాతం ఎక్కువుంటే చాలు. అన్నీ దాటేసింది. కాబట్టి మిల్లు వాళ్లు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, వాళ్లు 500 అనే చేసి 500 అనే సర్టిఫికెట్ ఇచ్చి ఉంటారు, మధ్యలో బిల్లు రాసినప్పుడు డి చేరింది. సర్టిఫికెట్ మీద గ్రేడ్ గడి చూడండి. దానికన్నా ముఖ్యం రాడ్ మీదే చూడండి, బ్రాండ్ పేరు, గ్రేడ్ రిబ్స్ మధ్యలో ఉబ్బెత్తుగా వచ్చి ఉంటాయి, కొంత దూరానికోసారి మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఐఎస్ఐ గుర్తు కింద ఉండే లైసెన్స్ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్స్ ఎవరిదో, ఏ గ్రేడ్లకో వచ్చేస్తుంది.

612 మంచిదే కదా అన్నారు. ఇక్కడే చాలామంది పొరబడతారు, మేస్త్రులే కాదు, కొందరు కుర్ర ఇంజనీర్లు కూడా. మీ పోరంకి పక్కనున్న విజయవాడ ఐఎస్ 1893:2016 భూకంప మ్యాపులో జోన్ 3లో ఉంది. అంటే పిల్లర్లు, బీముల మీద నిలిచే ఫ్రేమ్ బిల్డింగ్‌కి భూకంపాన్ని తట్టుకునేలా కట్టే కోడ్ ఐఎస్ 13920:2016 వర్తిస్తుంది. భూకంపం లోడు మోసే పిల్లర్లు, బీముల స్టీలుకి అది పెట్టే షరతులు చూడండి: అసలు ఈల్డ్ గ్రేడ్ కన్నా 20 శాతం మించి ఉండకూడదు, అంటే 500 గ్రేడ్‌కి 600 పై గీత, మీది దాటేసింది. టెన్సైల్‌ని ఈల్డ్‌తో భాగిస్తే కనీసం 1.15 రావాలి, మీది 1.09. ఎలాంగేషన్ కనీసం 14.5 శాతం, మీది 13. బలానికి పై హద్దు ఎందుకు పెట్టారంటే, భూకంపం వచ్చినప్పుడు స్టీలు ముందు సాగాలి, సాగుతూ ఆ ఊపుని మింగేయాలి. డిజైన్‌లో అనుకున్నదానికన్నా స్టీలు మరీ గట్టిగా ఉంటే అది సాగడం మొదలయ్యేలోపే పక్కన కాంక్రీట్ షియర్‌లో, అంటే ఏటవాలుగా కోసినట్టు, పగులుతుంది. ఆ పగులుడు హెచ్చరిక లేకుండా వస్తుంది.

మామూలు 500డి కూడా కోడ్ అడిగేది 1.10 మాత్రమే, కాబట్టి డి అని కనపడగానే 1.15 వచ్చేసినట్టు కాదు, సర్టిఫికెట్‌లో ఆ రెండు అంకెలు మీరే భాగించి చూసుకోవాలి. ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. 550కి పోవద్దు, మీ ఇంటికి అవసరమే లేదు, డిజైన్ చేసినాయన 500 అని వేసుకుని ఉంటే 550 పెట్టినందువల్ల మీకు కలిసొచ్చేది ఏమీ లేదు.

ఇక చిట్లడం గురించి ఒక మాట అడగాలి. మీ బెండర్ రింగులు దేని చుట్టూ వంచుతున్నాడు? చెక్క మీద కొట్టిన పిన్నులు ఎంత లావున్నాయి?

కాంట్రాక్టర్ బాబాయ్, తెనాలి:

ఈ గొడవలన్నీ టీఎంటీ వచ్చాకేనండీ. మేం టార్ స్టీలు వాడిన రోజుల్లో ఇళ్లు కట్టాం, ఇప్పటికీ చెక్కు చెదరలేదు. మెలి తిరిగిన రాడ్ ఉండేది, పట్టు బాగుండేది. ఇప్పుడు నీళ్లలో ముంచి ఇదే బలం అంటే ఎలా నమ్మాలి? పై వలయం ఒక్కటే గట్టి అంటున్నారు, అది తుప్పు పడితే బలం మొత్తం పోయినట్టేగా?

రోలింగ్ మిల్లు పాతకాపు:

బాబాయ్ గారూ, మీరు కట్టిన ఇళ్లు నిలబడ్డాయంటే మీ పనితనం, కాదనను. కానీ టార్ స్టీలుకి బలం ఎక్కడిది? మామూలుగా గాలికి చల్లారిన మెత్తటి రాడ్‌ని చల్లగా ఉన్నప్పుడే తడి తువ్వాలు పిండినట్టు మెలి తిప్పేవాళ్లు. అలా తిప్పితే ఇనుము గట్టిపడుతుంది, కానీ దానికి ఉన్న సాగే గుణంలో కొంత మెలి తిప్పడానికే ఖర్చయిపోతుంది, పైగా లోపల బిగుతు మిగిలిపోతుంది. తుప్పు కూడా అలాంటి రాడ్‌నే తొందరగా పట్టేది. 415 దాటి 500కి వెళ్లాలంటే కార్బన్ పెంచాల్సి వచ్చేది, కార్బన్ పెంచితే వెల్డింగ్ దగ్గర ఇబ్బంది. నీళ్ల పద్ధతికి వచ్చిన లాభం అదే, కార్బన్ తక్కువ పెట్టుకుని కూడా బలం తెచ్చుకోవచ్చు.

వలయం తుప్పు సంగతి అంటారా, అది పైన పూసిన పూత కాదండీ. 12 ఎంఎం రాడ్‌కి మిల్లీమీటరు అటూ ఇటూ లోతుంటుంది, అడ్డకోత మొత్తంలో పావు వంతుకి కాస్త అటూ ఇటూ అదే. మనం వానలో వదిలేస్తే పట్టే ఎర్ర తుప్పు దాన్నేం చేయదు. రేకులు రేకులుగా ఊడేంత తుప్పైతే వలయం అయినా ఒకటే, టార్ స్టీలైనా ఒకటే.

కానీ ఒక చోట మీ అనుమానం కరెక్టే. పెద్ద బిల్డింగుల్లో కప్లర్లు (రెండు రాడ్లని కలిపే మర గొట్టాలు) పెట్టడానికి లావు రాడ్ల చివర మర తీస్తారు. రాడ్‌ని చెక్కి మర తీస్తే గట్టి వలయమే చెక్కేసినట్టు. అందుకే మంచి చోట్ల చివరని ముందు వేడి లేకుండా నొక్కి లావు చేసి అప్పుడు మర తీస్తారు, లేదంటే రిబ్స్ మాత్రం తీసి మరని నొక్కుతారు. ఇళ్లకి ఆ గొడవ లేదు, ఓవర్‌ల్యాప్ వేసి బైండింగ్ వైరుతో కట్టేస్తాం.

పోరంకి గారికి ఇంకో మాట. నీళ్లతో తేగలిగేది బలం ఒక్కటే. ఫాస్ఫరస్, సల్ఫర్ ఎంత ఉండాలన్నది కరిగించేటప్పుడే తేలిపోతుంది. తుక్కు వేసి ఇండక్షన్ ఫర్నేస్‌లో కరిగించే చోట వాటిని తీసేసే వీలు చాలా తక్కువ, తుక్కులో ఏముంటే బిల్లెట్‌లో అదే. ఫాస్ఫరస్ ఉన్న ఇనుము చల్లగా వంచితే పెళుసుగా ఉంటుంది. వాటర్ బాక్స్ దగ్గర ఎంత నేర్పున్న ఆపరేటర్ ఉన్నా దాన్ని పోగొట్టలేడు, పైగా ఈల్డ్ అంకె ఎలాగోలా వచ్చేస్తుంది కాబట్టి సరుకు పాసైపోతుంది. అందుకే సర్టిఫికెట్‌లో నేను ముందు చూసేది ఈల్డ్ కాదు, ఫాస్ఫరస్, ఎలాంగేషన్.

పోరంకి ఇంటాయన:

ఇంత ఓపిగ్గా రాసినందుకు థాంక్స్ అండీ. రాడ్ల మీద చూశాను, బ్రాండ్ పేరు పక్కన 500 అనే ఉంది, డి లేదు. సర్టిఫికెట్ మీద గ్రేడ్ గడి సగం జిరాక్స్‌లో పోయింది, అది కావాలనే పోయిందో మరి. పిన్నుల సంగతి అడిగారు, 12 ఎంఎం రాడ్ ముక్కలు చెక్క మీద దిగ్గొట్టి వాటి చుట్టూనే వంచుతున్నాడు. అడిగితే, ఎప్పుడూ ఇలాగే చేస్తాను, మూల షార్ప్‌గా రావాలంటే ఇదే దారి అన్నాడు.

స్ట్రక్చరల్ ఇంజనీర్, గుంటూరు:

అనుకున్నాను. అంటే చిట్లడంలో బెండర్ వాటా కూడా ఉంది. కోడ్‌లో బెండ్ టెస్ట్‌కి 20 ఎంఎం దాకా ఎఫ్ఈ 500 రాడ్‌ని డయాకి 4 రెట్ల మాండ్రెల్ (వంచడానికి ఆనించే గుండ్రటి కడ్డీ) చుట్టూ వంచుతారు, 500డి ని 3 రెట్ల చుట్టూ. 8 ఎంఎం రాడ్‌కి అవి 32, 24 మిల్లీమీటర్లు. మీ వాడి పిన్ను 12, అంటే డయాకి ఒకటిన్నర రెట్లు. అంత ఇరుకు వంపులో బయటి వైపు గట్టి వలయం విపరీతంగా సాగాలి, సాగలేక రిబ్ మొదట్లో చీలుతుంది. మంచి 500డి దీన్ని తట్టుకుంటుంది కాబట్టి వాడికి ఇన్నాళ్లు నడిచిపోయింది. అతిగా చల్లార్చిన 500 తట్టుకోలేదు.

కాబట్టి ఇప్పుడు రెండు తప్పుల్ని విడదీయాలి. అంగుళం జీఐ పైపు ముక్క తీసుకోండి, దాని బయటి కొలత 33 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది, ఎఫ్ఈ 500 టెస్ట్‌కి దాదాపు సరిపోతుంది. చిట్లిన కట్టలో నుంచి ఒక ముక్క, మిగతా కట్టల్లో నుంచి తలా ఒక ముక్క కోసి, ఆ పైపు చుట్టూ నిదానంగా 180 డిగ్రీలు, అంటే రెండు కాళ్లు సమానంగా ఒకే వైపుకి వచ్చేదాకా వంచండి. బయటి వైపు పగులు లేకపోతే రాడ్ దాని గ్రేడ్‌కి తగ్గట్టే ఉంది, పిన్ను మార్చుకోవాలి. పైపు మీద కూడా చిట్లితే ఆ కట్ట వాడకూడదు, 500 గా కూడా పనికిరాదు.

అడ్డంగా కోసిన ముఖం నున్నగా చేసి నైటాల్ పూస్తే గట్టి వలయం ముదురు రంగులో, లోపలి భాగం లేత రంగులో బయటపడుతుంది. వలయం చుట్టూ ఒకే మందంలో ఉందా, ఒక పక్కకి ఒరిగిందా కళ్లతోనే తెలుస్తుంది. కానీ అది నైట్రిక్ ఆసిడ్‌ని ఆల్కహాల్‌లో కలిపేది, ఇంట్లో ప్రయోగాలు వద్దు, మెటీరియల్స్ ల్యాబ్ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీకి ముక్కలు ఇస్తే టెన్సైల్ పరీక్షతో పాటు అదీ చేసిపెడతారు.

పోరంకి ఇంటాయన:

చేశాం. పైపు మీద వంచితే చాలా కట్టల ముక్కలకి చీలిక లేదు. చిట్లిన రింగులు వచ్చిన ఆ కట్ట ముక్కలు మాత్రం పైపు మీద కూడా చిట్లాయి, అదీ అన్నీ కాదు, రాడ్‌ని ఒక వైపు తిప్పి వంచితే బాగుంది, రెండో వైపు తిప్పితే పగిలింది. బెండర్ అది చూసి, "ఇదేం రాడ్ సార్, మనిషిని బట్టి మాట మార్చినట్టుంది" అన్నాడు.

ఆ ముక్కలూ, బిల్లూ, రాడ్ మీద గ్రేడ్ ఫోటో తీసుకెళ్లి కొట్లో టేబుల్ మీద పెట్టాను. మొదట వంచడం తప్పు అన్నాడు. బిల్లులో డి ఉందిగా, రాడ్ మీద ఏదీ అంటే ఇంక ఏం మాట్లాడలేదు. విప్పని కట్టలన్నీ వెనక్కి తీసుకుంటానన్నాడు, శ్లాబ్ సరుకు 500డి, సర్టిఫికెట్ ఒరిజినల్‌తో, లారీ దించకముందే చూపించాలని రాయించుకున్నాను.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, 12 మీటర్ల రాడ్లని మధ్యకి మడిచి పంపుతున్నారు, ఇక్కడ సుత్తితో కొట్టి సాపు చేస్తున్నారు, దానివల్ల నష్టమా? రెండు, ఒక పిల్లర్ స్టార్టర్ రాడ్లు (పునాది నుంచి పైకి వదిలినవి) సెంటర్ తప్పాయి, గ్యాస్‌తో ఎర్రగా కాల్చి వంచేస్తాం, ఐదు నిమిషాల పని అంటున్నారు.

రోలింగ్ మిల్లు పాతకాపు:

ఒక వైపు బాగుండి ఇంకో వైపు పగిలిందంటే నేను చెప్పిన నాజిల్ కథే, వలయం ఒరిగిపోయిన రాడ్. ల్యాబ్‌లో నైటాల్ పూస్తే కనపడేది. ఆ కట్ట మీద ట్యాగ్‌లో హీట్ నంబర్ (ఏ ఫర్నేస్ బ్యాచో చెప్పే అంకె) ఉంటే కొట్టాయనకి రాసిచ్చి మిల్లుకి పంపమనండి, ఆ రోజు ఆ షిఫ్ట్‌లో వచ్చిన సరుకు ఇంకెన్ని ఇళ్లకి వెళ్లిందో.

మడత సంగతి: పెద్ద వంపుగా మడిస్తే ఫరవాలేదు. తాడు కట్టి లారీతో లాగి మడత మూల పదునుగా చేసేస్తారు చూడండి, అది మంచిది కాదు. వంచి, కొన్నాళ్లు ఉంచి, మళ్లీ సాపు చేసిన చోట ఇనుము మొదటికన్నా పెళుసవుతుంది. కోడ్‌లో రీబెండ్ టెస్ట్ పెట్టింది కూడా అందుకే, రాడ్‌ని వంచి, అరగంట మరిగే నీళ్లలో ఉంచి, చల్లార్చి, వెనక్కి వంచి చూస్తారు. మరిగే నీళ్లు ఎందుకంటే నెలల తరబడి జరిగే ఆ మార్పుని అరగంటలో తెప్పించడానికి. సాపు చేసిన మడత ముక్క బీమ్ మధ్యలోకి రాకుండా కోసి రింగులకో, చిన్న ముక్కలకో వాడుకోండి.

స్ట్రక్చరల్ ఇంజనీర్, గుంటూరు:

గ్యాస్ మాత్రం వద్దే వద్దు. మిల్లులో 600 డిగ్రీల దగ్గర కాచిన పొర అది. మీరు గ్యాస్‌తో ఎర్రగా కాలిస్తే అంతకు మించిన వేడి తగిలి వలయం మెత్తబడిపోతుంది, చల్లారాక కూడా తిరిగి రాదు, ఆ చోట మీ 500 రాడ్ మూడొందల చిల్లరకి దిగిపోతుంది. పిల్లర్ మొదట్లో, భూకంపం వస్తే ఎక్కువ పని పడే చోట. పైగా వేడి మీదున్న రాడ్ మీద నీళ్లు పోసి చల్లార్చేవాళ్లని కూడా చూశాను, అప్పుడు ఆ చోట మళ్లీ కాచని మార్టెన్సైట్ తయారై గాజులా అవుతుంది, ఇంకా ఘోరం.

సెంటర్ ఎంత తప్పిందో కొలిచి డిజైన్ చేసినాయనకి చెప్పండి. తక్కువైతే కాంక్రీట్ కొద్దిగా చెక్కి, రాడ్‌ని వేడి లేకుండా, ఆరుకి ఒకటి కన్నా ఎక్కువ వాలు లేకుండా, అంటే 50 మిల్లీమీటర్లు జరపాలంటే 300 మిల్లీమీటర్ల పొడవులో మెల్లగా పక్కకి వంచొచ్చు (క్రాంక్ అంటారు), అక్కడ రింగులు దగ్గర దగ్గరగా వేయాలి. ఎక్కువ తప్పితే పక్కన డ్రిల్ చేసి జిగురులా పట్టే కెమికల్ యాంకర్‌తో కొత్త రాడ్ దింపాల్సి వస్తుంది, దానికి లోతు ఆయనే లెక్కేసి చెప్పాలి. ఈలోగా గ్యాస్ సిలిండర్ సైట్‌లోకి రానివ్వకండి, మీరు లేనప్పుడు ఆ ఐదు నిమిషాల పని కానిచ్చేస్తారు.